పలకని తుపాకి

రెండింటిలో ఏది ఉంచుకోవాలో, ఏది తిప్పి పంపాలో మురహరిరావుకు తేలడం లేదు.

పట్నంలో తుపాకుల షాపు సేటు పాత పరిచయం కొద్దీ రెండు రివాల్వర్లు పంపాడు. చూసుకొని ఒకటి ఉంచుకోండి, రెండోది దసరా దాటాక పంపించండి అన్నాడు. ఒకటి త్రీ ఫిఫ్టీ సెవెన్ మాగ్నం. ఇంకొకటి ఫార్టీ ఫోర్ మాగ్నం. రెండూ అమెరికా సరుకే, రెండూ ఆరు గుండ్లవే. చిన్నదాని తూటా చిటికెనవేలంత ఉంటే పెద్దదాని తూటా చూపుడువేలంత ఉంది. మాగ్నం అంటే మందు ఎక్కువ దట్టించిన తూటా అని అర్థం. ఆ మాట అనేటప్పుడు మురహరిరావు గొంతు కూడా కొంచెం లావయ్యేది.

పెద్దది చేతిలోకి తీసుకుంటే చిన్నది జాతరలో కొన్న బొమ్మలా కనిపించేది. చిన్నది తీసుకుంటే పెద్దది ఒట్టి ఇనుప ముద్ద అనిపించేది. మంచిర్యాల డాక్టరు చిన్నది చాలన్నాడు. ఫారెస్టు రేంజరు, కొంటే పెద్దదే కొనాలి దొరా అన్నాడు. డాక్టరు పుట్టి బుద్ధెరిగి తుపాకి పట్టలేదు. రేంజరు పట్టాడు గాని పేల్చిన దాఖలా లేదు. సలహా చెప్పడానికేముంది, నోరుంటే చాలు.

వేటకింకా సర్కారు పర్మిట్లిచ్చే కాలమది. గోదావరి ఒడ్డున ఎడ్లగట్ట అనే ఊరు మురహరిరావుది. జాగీరులు పోయినా జనం దొరా అనడం మానలేదు, ఆయన పలకడమూ మానలేదు. అడవికి ఆనుకొని ఉన్న మక్కజొన్న చేలను ఆ ఏడు పందులు దున్నేస్తుంటే రైతులు వచ్చి మొరపెట్టుకునేది ఆయనకే. మనిషి చెడ్డవాడు కాదు. పిలిస్తే వెళ్ళేవాడు.

అట్లా శ్రావణంలో వెళ్ళినప్పుడే ఒక పంది విషయంలో తేడా వచ్చింది.

ఎత్తుగా పెరిగిన మక్కచేలో పొడుగు తుపాకి తిప్పడానికి చోటుండదు. అందుకని తండ్రి నాటి పాత రివాల్వర్ పట్టుకొని దిగాడు. జాడ తీసేది గూడెం సోము. ఆ చుట్టుపక్కల వేట అంటే సోమే. మట్టి చూసి జంతువు ఎటు పోయిందో, ఎప్పుడు పోయిందో, కడుపు నిండి పోయిందో ఆకలితో పోయిందో చెప్పేవాడు. ఆ రోజు కూడా సోము జాడ చూపించాడు, పంది కనిపించింది, దొర కాల్చాడు. గుండెకు తగలాల్సిన దెబ్బ కిందికి పోయి ముందు కాలు విరిచింది. దెబ్బ తిన్న పంది ఎదురు తిరిగి, దొర పక్కనుంచి దూసుకొచ్చి, వెనక ఉత్త కర్రతో నిలబడ్డ సోము తొడ చీల్చి చేలో పడి పారిపోయింది.

ఆ సాయంత్రం చావడి దగ్గర అందరూ చేరి ఏమైంది దొరా అని అడిగారు.

"సోము ఉలికిండు," అన్నాడు మురహరిరావు. "ఆకు చప్పుడైంది. పంది మర్లింది. గురి తప్పింది."

చప్పుడు తన వెనకనుంచే వచ్చిందని ఆయన గట్టిగా నమ్మాడు. నమ్మిన మాట అనడానికి జంకెందుకు? అనేసి ఇంటికి పోయి అన్నం తిన్నాడు.

జాడ తీసేవాడు తాగుబోతైనా సర్దుకుంటారు, నోటి దురుసైనా సర్దుకుంటారు. ఉలికేవాణ్ణి మాత్రం ఎవరూ వెంట తీసుకుపోరు. వాడి ఉలుకు పక్కవాడి ప్రాణం మీదికి వస్తుంది. జంతువు పడ్డాక మాంసం పోగులు పెట్టి, మొదటి పోగు జాడ తీసినవాడి పేరు పిలిచి ఇవ్వడం అక్కడి ఆనవాయితీ. ఆ పిలుపు కోసమే అడవిలో కాళ్ళరిగేలా తిరిగేవాళ్ళున్నారు. సోము తొడ మానింది, కొంచెం కుంటు మిగిలింది. మానిన తరవాత వేటలు జరిగాయి. సోమును పిలిచినవాడు లేడు. ఊళ్ళో పిల్లలు ఆయనకు ఉలుకుల సోము అని పేరు పెట్టారు. పిల్లలు పెట్టిన పేరు కదా, నెల తిరక్కుండా పెద్దల నోళ్ళలోనూ నానింది.

మురహరిరావు తొడకు డాక్టరును పంపాడు. ఇంటికి బియ్యం పంపాడు. ఇంకా ఎక్కడైనా గాయమైందేమో అన్న ఆలోచన ఆయనకు రాలేదు. ఆయన ఆలోచనంతా తుపాకి మీదే ఉంది. పాతదానికి సత్తువ చాలలేదు, అదే మాగ్నమైతే కాలికి తగిలినా పంది అక్కడే కూలేది, ఇదీ లెక్క. మళ్ళీ పర్మిటు వచ్చింది. దసరా ముందు వేట పెట్టుకున్నారు. ఆలోగా తుపాకి తేలాలి, జాడ తీయడానికి కొత్త మనిషి కూడా తేలాలి. రెండూ తేలక, చివరికి రెండు రివాల్వర్లనూ చెరొక గుడ్డలో చుట్టుకొని చెన్నూరులో ఉస్తాద్ దగ్గరికి బయలుదేరాడు.

ఉస్తాద్ ఖలీలుల్లా ఒకప్పుడు ఆ తాలూకాలో దొరల పిల్లలందరికీ తుపాకి పట్టడం నేర్పినవాడు. మురహరిరావుకు మీసం రాకముందు భుజం మీద చెయ్యి వేసి గురి చూపించింది ఆయనే. ఇప్పుడు ఆయన తుపాకి జోలికి పోవడం లేదు. వాగు ఒడ్డున ఇల్లు, ఇంటి ముందు దొండ పందిరి, పందిరి కింద కుక్కి మంచం. నమాజు వేళకు లేస్తాడు, మిగతా వేళ పాదు చూసుకుంటాడు. ఎవరైనా వస్తే ఇన్ని దొండకాయలు కోసి ఇచ్చి పంపుతాడు.

"సలాం, ఉస్తాద్ సాబ్."

"రా బేటా, రా. చంకల రెండు మూటలు వెట్టుకొచ్చినవ్. కవలలా?"

మురహరిరావు నవ్వి, మంచం మీద గుడ్డలు విప్పాడు. విప్పిన వాడు విప్పినట్టే మొదలుపెట్టాడు. గొట్టం పొడుగు, బరువు, పిడి కర్ర, తూటా దెబ్బ. ఉస్తాద్ కోడలు తెచ్చిపెట్టిన చాయ్ చల్లారి మీగడ కట్టింది. ఉస్తాద్ చిన్నదాన్ని తీసి, ఖాళీగా ఉందని చూసుకొని, అరచేతిలో తూచినట్టు పట్టుకున్నాడు.

"ఇది?"

"త్రీ ఫిఫ్టీ సెవెన్. దీంట్ల థర్టీ ఎయిట్ తూటాలు గూడ వడ్తయి, ఉస్తాద్ సాబ్. అవి మెత్తగ పేల్తయి. ఆదివారం పూట సరదాకు కుండలు వెట్టి కొట్టుకోవచ్చు. చెయ్యి నొయ్యది. గురి గూడ మంచిగుంటదంటరు."

"మరి గది?"

"ఫార్టీ ఫోర్. దున్నపోతునైన కూలుస్తదట. తన్నుడు మాత్రం జోరు. అలవాటు లేకుంటె మణికట్టు పట్టుకుంటదంటరు."

"నీకు ఏది కావాలె?"

"అదే తెలుస్తలేదు. మిమ్మల్ని అడుగుదామనే వచ్చిన."

"ఎందుకు కావాలె?"

మురహరిరావు శ్రావణం సంగతి చెప్పాడు. పంది పేరు ఉస్తాద్ నోట రాదు గనక తాను కూడా ఆ జంతువు, ఆ జంతువు అంటూ చెప్పుకొచ్చాడు. తండ్రి నాటి తుపాకి పాతబడిందనీ, దాని దెబ్బకు బలం లేదనీ చెప్పాడు. అటు సోము కూడా సమయానికి ఉలికాడనీ, అందుకే గురి చెదిరిందనీ చెప్పాడు.

"ఇగ ఆ సోమును నమ్మేటట్టు లేదు. ఎవర్ని తీస్కపోవాల్నో గూడ మీరే చెప్పాలె."

ఉస్తాద్ చల్లారిన చాయ్ మీది మీగడ వేలితో పక్కకు తీశాడు.

"ఒక్క గుండు తప్పితే రెండు కారణాలా?" అన్నాడు.

మురహరిరావు పెద్దదాన్ని గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు.

"సరే, లే. వాగు కాడికి పోదాం. రెండూ వట్టుకో."

వాగు అవతలి వంపులో మనిషి కంటే ఎత్తైన మట్టికట్ట ఉంది. గురి తప్పినా గుండు అందులోకే పోతుంది. ఉస్తాద్ దారిలో ఒక ఆముదం ఆకు తుంచి, తుమ్మ ముల్లుతో మట్టికట్టకు గుచ్చి వచ్చాడు. మురహరిరావును ఆకుకు ఎదురుగా నిలబెట్టి, తాను రెండడుగులు వెనక్కి, ఆయన కుడిభుజం వెనక నిలబడ్డాడు.

"ముందు పెద్దది," అన్నాడు.

మురహరిరావు పెద్దదాన్ని నింపి, ఊపిరి బిగబట్టి, మీట నొక్కాడు. ఆ చప్పుడుకు వాగులో కొంగలన్నీ లేచిపోయాయి. చెయ్యి మోచేతి దాకా జివ్వుమంది. ఆముదం ఆకు ఆకులాగే ఉంది. దానికి జానెడు కింద మట్టి పెళ్ళ లేచింది. మళ్ళీ కాల్చాడు. అక్కడే. ఆరూ అయిపోయేసరికి ఆకు కింద మట్టిలో చిన్న గుంట పడింది గాని ఆకుకు చిల్లి పడలేదు.

"మక్కీ వంకరున్నట్టుంది," అన్నాడు మురహరిరావు, గొట్టం కొసన గురి చూసుకునే ముక్కను బొటనవేలితో రుద్దుతూ. "సేటు చూస్కోకుండ పంపినట్టుండు."

"చిన్నది కాల్చు."

చిన్నది కాల్చాడు. చప్పుడు తగ్గింది, తన్ను తగ్గింది. గుండు మాత్రం మళ్ళీ ఆకు కిందికే పోయింది. ఈసారి జానెడు కాకుండా బెత్తెడు.

"దీని మక్కీ గూడ వంకరేనా?" అని అడిగాడు ఉస్తాద్.

"గాలి, ఉస్తాద్ సాబ్."

ఉస్తాద్ ఆముదం ఆకు వైపు చూశాడు. ఆకు కదలడం లేదు.

మురహరిరావు తుపాకుల్లోంచి దులిపేసిన ఖాళీ డొల్లలు కింద పడి ఉన్నాయి. ఉస్తాద్ నెమ్మదిగా వంగి వాటిని ఏరి కుర్తా జేబులో వేసుకున్నాడు. పెద్ద రివాల్వర్ అడిగి తీసుకొని, కొత్త తూటాల డబ్బా కూడా తీసుకొని, అటు తిరిగాడు. భుజం మీది రుమాలు కప్పి లోపల ఏదో నింపాడు. చేతికిస్తూ, "ఏ ఖానాల ఏమున్నదో చూడకు. కాల్చు," అన్నాడు.

మురహరిరావు తుపాకి వెనకనుంచి చూస్తే ఆరు ఖానాల్లోనూ ఆరు ఇత్తడి అంచులు మెరుస్తున్నాయి. డొల్లకూ తూటాకూ ఆ వైపు నుంచి తేడా తెలియదు. ఆయన గురి చూసి కాల్చాడు. పెద్ద చప్పుడైంది. గుండు కిందికే పోయింది.

రెండోసారి మీట నొక్కాడు.

టక్కుమంది. అంతే. చప్పుడు లేదు, పొగ లేదు, తన్ను లేదు. అయినా కోడి గింజ పొడిచినట్టు తుపాకి మూతి ఒక్కసారి కిందికి పొడిచింది. మురహరిరావు కళ్ళు తెరిచి చూసేసరికి అది ఆకును కాదు, వాగు నీళ్ళను చూస్తోంది. కళ్ళు తెరిచాక గాని అవి మూసుకున్నాయని ఆయనకు తెలియలేదు.

"తూటా దగా జేసింది," అన్నాడు.

"మల్ల కాల్చు."

టక్. మూతి మళ్ళీ పొడిచింది. ఈసారి పళ్ళు బిగించి, కళ్ళు పెద్దవి చేసుకొని, రెండు చేతులతో పట్టుకున్నాడు. టక్. మణికట్టు తనది కానట్టు తానే కిందికి విరిగింది. ఎవరో భుజం మీద కొట్టినట్టు భుజం కూడా ముందుకు వచ్చింది. కొట్టినవాళ్ళెవరూ లేరు.

ఉస్తాద్ రివాల్వర్ తీసుకొని తెరిచి అరచేతిలో కుమ్మరించాడు. ఆరూ ఖాళీ డొల్లలే. మొదటిది ఒక్కటే అసలుది, అది పేలిపోయింది.

"తుపాకి పలకలేదు, బేటా," అన్నాడు. "నువ్వు ఉలికినవ్."

ఉలుకూ పలుకూ అని రెండు మాటల్నీ జంటగా అనడమే మురహరిరావుకు చిన్ననాటి నుంచీ అలవాటు. అవి రెండూ వేరువేరు మాటలని ఆయనకు ఆ రోజే తెలిసింది. అయితే దొరతనం అంత తొందరగా చచ్చేది కాదు. కాసేపటికే ఒక దారి దొరికింది.

"అంటే పెద్దదాని తన్నుడుకు చెయ్యి బెదురుతుందన్నట్టు. మంచిగనే తెలిసింది ఉస్తాద్ సాబ్, చిన్నదే ఉంచుకుంట."

ఉస్తాద్ చిన్నదాన్ని కూడా తీసుకున్నాడు. మళ్ళీ అటు తిరిగాడు, మళ్ళీ రుమాలు కప్పాడు, మళ్ళీ చేతికిచ్చాడు. పేలినవి పేలాయి. పేలనప్పుడల్లా చిన్నదాని మూతి కూడా పెద్దదానిలాగే పొడిచింది. కొంచెం తక్కువగా పొడిచింది, నిజమే. మురహరిరావు ఇక తూటాను తిట్టలేదు, గాలిని తిట్టలేదు. చెయ్యి దించి నిలబడ్డాడు.

"శ్రావణంల సోము ఏడ నిలబడ్డడు?" అని అడిగాడు ఉస్తాద్.

"ఇగో, మీరు నిలబడ్డ కాడనే," అన్నాడు మురహరిరావు వెనక్కి తిరిగి చూసి.

ఉస్తాద్ అక్కణ్ణుంచి కదలలేదు.

"ఈడికెల్లి నీ చెయ్యి మంచిగ కనిపిస్తది, బేటా," అన్నాడు.

వాగు మీద కొంగలు ఒక్కొక్కటే తిరిగొస్తున్నాయి. మురహరిరావు వాటి వంక చూస్తూ ఉండిపోయాడు. సోము చూశాడు. ఆ రోజే చూశాడు. తొడ చీలి మక్కచేలో పడి ఉన్నప్పుడూ తెలుసు, తరవాత ఉలుకుల సోమని పిల్లలు వెంటపడుతున్నప్పుడూ తెలుసు. నేను కాదర్రా, మీ దొరే అని ఒక్క మాట అంటే పోయేది. అనలేదు. బియ్యం పంపితే తీసుకున్నాడు, డాక్టరు వస్తే కాలు చాపాడు. మురహరిరావుకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మట్టికట్టకు గుచ్చిన ఆముదం ఆకు కూడా తనను చూస్తున్నట్టే ఉంది.

ఇంటికి వచ్చాక ఉస్తాద్ ఇన్ని దొండకాయలు కోసి రుమాలులో కట్టి ఇచ్చాడు. తుపాకి సంగతి గాని, కొత్త మనిషి సంగతి గాని మురహరిరావు మళ్ళీ అడగలేదు.

తిరిగి వచ్చినవాడు ఇంటికి పోలేదు. నేరుగా గూడెం వెళ్ళాడు. సోము ఇంటి ముందు నేల మీద కూర్చొని వెదురు చీలుస్తున్నాడు. గాయమైన కాలు ముందుకు చాపి ఉంది. దొరను చూసి లేవబోతే, వద్దు వద్దని మురహరిరావే ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. సోము భార్య లోపలినుంచి తొంగి చూసి లోపలికే పోయింది.

"సోమూ," అన్నాడు. కింద పడ్డ వెదురు పేడు ఒకటి తీసి రెండుగా విరిచాడు. "ఆనాడు ఉలికింది నేను. నువ్వు గాదు."

సోము కత్తి ఆగలేదు. వెదురు బద్ద కొస దాకా చీరి, పక్కన పెట్టి, అప్పుడు తలెత్తాడు.

"మా ఇంట్ల నన్ను ఎవ్వలు ఉలికెటోడు అనలేదు, దొరా," అన్నాడు. "ఈడెందుకు చెప్తున్నరు?"

మురహరిరావు లేచి వచ్చేశాడు.

వేట రోజు దాకా ఆయన లోపల జరిగిన గలాటా ఆయనకే తెలియాలి. రేంజరు ఒక్కడికి చెబితే చాలదా అనుకున్నాడు. రేంజరు చెవిన పడితే ఊరంతా పాకదా, తాను నలుగురిలో అనే పని తప్పుతుంది. లేకపోతే, ఇద్దరం ఉలికాం అంటే? సగం నిజమే కదా. అబద్ధమైన రెండో సగం మళ్ళీ సోము మీదే పడుతుందని తోచి తానే సిగ్గుపడ్డాడు. ఒకసారి, అయిపోయినదాన్ని తవ్వడమెందుకు, సోముకు ఒక ఎకరం ఇస్తే సరి, అని కూడా అనుకున్నాడు. దొరలకు చేతిలో పని ఇది. నోటితో చేసిన దెబ్బకు చేత్తో కట్టు కడతారు. చివరికి మనిషిని పంపించి సోమును వేటకు పిలిచాడు. వస్తానని గాని రానని గాని సోము చెప్పలేదు.

వేట పొద్దున చావడి దగ్గర అందరూ చేరారు. రేంజరు, పటేలు, డప్పులు పట్టుకున్న కుర్రకారు, పంటలు పోగొట్టుకున్న రైతులు. సోము వచ్చాడు. కర్ర పక్కన పెట్టుకొని, అందరికీ దూరంగా, అరుగు కొసన కూర్చున్నాడు.

పటేలు చూశాడు. "ఉలుకుల సోమునెవరు పిలిచిన్రు ర బై?" అన్నాడు గట్టిగా. నలుగురు నవ్వారు.

"నేనే," అన్నాడు మురహరిరావు. "ఆ పేరు నాది, పటేలా. తప్పి ఆయన మీద వడ్డది."

దొర పరాచికమాడుతున్నాడనుకొని ఇంకా కొంతమంది నవ్వారు. నవ్వు ఆగేదాకా మురహరిరావు ఆగాడు. అప్పుడు పారిపోవడానికి ఇంకా వీలుంది. తానూ కలిసి నవ్వేస్తే అక్కడికి అది హాస్యమై పోయేది.

"శ్రావణంల ఉలికింది నేను," అన్నాడు. "మీట నొక్కంగనే నా చెయ్యి కిందికి వోతది. కండ్లు మూసుకుంటయి. ఉస్తాద్ సాబ్ చూపిచ్చిండు. సోము ఉలకలేదు, ఆకు కదలలేదు. ఇదే చావడిల నేను అబద్ధం చెప్పిన. అబద్ధమని తెల్వక చెప్పిన, గని అబద్ధమే."

ఈసారి ఎవరూ నవ్వలేదు. పటేలు తన చెప్పుల వైపు చూసుకున్నాడు. రేంజరు ఉత్త దగ్గు దగ్గాడు. మురహరిరావు తన పొడుగు తుపాకి తీసి రేంజరు చేతిలో పెట్టాడు. పటేలు పక్కనున్న కుర్రవాడి దగ్గర డప్పు తీసుకొని మెడలో వేసుకున్నాడు. దొర డప్పు పట్టడం ఆ ఊరు ఎన్నడూ చూడలేదు.

సోము లేచాడు. కర్ర తీసుకున్నాడు.

"పొద్దెక్కుతుంది," అన్నాడు, ఎవరి మొహమూ చూడకుండా. "నడువుండ్రి."

కుంటుతూనే ముందు నడిచాడు. అందరూ వెనక నడిచారు. అందరికంటే వెనక డప్పుతో మురహరిరావు. ఆ రోజు వేట పడలేదు. పందులు ముందే వాగు దాటి పోయాయని సోము మట్టి చూసి చెప్పాడు, ఎవరూ కాదనలేదు.

దసరా దాటాక మురహరిరావు మళ్ళీ చెన్నూరు వెళ్ళాడు. ఉస్తాద్ పందిరి కింద ముదిరిన దొండ తీగలు కత్తిరిస్తున్నాడు.

"పెద్దది సేటుకు పంపేసిన, ఉస్తాద్ సాబ్."

"మంచిది."

"పెద్దది ఉంచుకున్నా ఒక్కటే, చిన్నది ఉంచుకున్నా ఒక్కటే. ఇంట్ల ఆమె పెద్దది చూసి భయపడుతుందని చిన్నది ఉంచుకున్న."

ఉస్తాద్ నవ్వాడు. "చెయ్యి ఎట్లున్నది?"

"రోజు ఖాళీ తూటాలు గలిపి కాలుస్తున్న. ఇంక ఉలుకుతనే ఉంది. కొంచెం తగ్గింది."

"సోము?"

"పనికి పిలుస్తుండ్రు. పోతుండు. ఊళ్ళె ఆ పేరు వోయింది." మురహరిరావు కాసేపు తీగల వంక చూశాడు. "నాతోని మాత్రం పెద్దగ మాట్లాడడు. అడిగిందానికి చెప్తడు, అంతే. ఎదురువడితే పక్కకు జరుగుతడు, ఎప్పటి లెక్కనే దొరా అంటడు. ఆయన మనసుల ఏమున్నదో తెలుస్తలేదు. నన్ను మాఫ్ చేసిండంటరా, ఉస్తాద్ సాబ్? ఒక్కసారి అడుగుదామా అనిపిస్తది."

ఉస్తాద్ తీగ కత్తిరించడం ఆపి ఆయన వైపు తిరిగాడు.

"పలికినా పలకకున్నా అది ఆయన తుపాకి, బేటా," అన్నాడు. "నువ్వు ముట్టకు."